ముందు నడిచే మడమలు

ఆష్‌బర్న్, వర్జీనియా
మార్చి నెలాఖరు

జయంతీ,

దీర్ఘసుమంగళీభవ అని మొదలుపెడితే, "మీ తమ్ముడి ఆయుష్షు కోసం నన్ను అడ్డం పెట్టుకోవాలా వదినా" అంటావు. అందుకని ఉత్త ఆశీస్సులు పంపుతున్నాను. మొగుడూ పెళ్ళాలు ఎలా కావాలంటే అలా పంచుకోండి.

ఫోన్ చేతిలో ఉండగా ఉత్తరమేమిటని అలేఖ్య నన్ను ఆటపట్టిస్తోంది. నేను ఫోన్ చేయగానే అక్కడ నీ కొడుకు తేజేశ్వర్ స్పీకర్ పెడతాడు, ఇక్కడ నా కూతురు స్పీకర్ పెడుతుంది. అందరూ చెవులు రిక్కించి కూర్చుంటే వదినా మరదళ్ళు మాట్లాడుకునేది ఏముంటుంది? నీ మోకాలి మార్పిడి ఆపరేషన్ అయి నెల దాటింది. "బాగానే ఉంది వదినా" అన్న ఒక్క ముక్క స్పీకర్లో వినబడింది. ఆ ముక్క నాకు చాలదు. రోజూ నడుస్తున్నావా, మోకాలు ఎంతవరకు వంగుతోంది, అన్నీ కాగితం మీద రాయి.

ఇక నా ఘనకార్యం విను. మా ఇళ్ళ వెనక ఒకప్పుడు రైలు నడిచిన కట్ట ఉంది. పట్టాలు పీకేసి తారు పోసి నడకదారి చేశారు. చలి తగ్గాక పొద్దున పూట మేం నలుగురు తెలుగువాళ్ళం చీరల కింద బూట్లు వేసుకుని అక్కడ నడుస్తున్నాం. నేనే ముందు. తెనాలిలో ముప్పై ఏళ్ళు బడిపిల్లల్ని వరసలో నడిపించినదాన్ని, వెనక నడవడం నాకు చేతకాదని నీకు తెలుసు.

కొన్నాళ్ళ కిందట అక్కడ ఒకావిడ కనబడింది. నలభై దాటి ఉంటాయి. బక్కపలచటి మనిషి. తలకి తెల్లటి నూలుగుడ్డ చుట్టుకుని, ఏదో పోగొట్టుకుని వెతుక్కుంటున్నట్టు తల వంచుకుని నడుస్తోంది. చూస్తూ ఊరుకోలేకపోయాను. ఆపి, నాకొచ్చిన ఇంగ్లీషులో పాఠం చెప్పాను. చేతులు ఊపాలి, తల ఎత్తాలి, రోజూ అరగంట నడిస్తే మోకాళ్ళు పదికాలాలు ఉంటాయి అని. అంతటితో ఆగానా, నడిచి కూడా చూపించాను. ఆవిడ బుద్ధిగా తల ఊపి నా వెనక వచ్చింది. పక్కన కాదు, సరిగ్గా వెనక, నేను అడుగు తీసిన చోట అడుగు వేస్తూ. ఆ రోజు నుంచి రోజూ అంతే. మంచి శిష్యురాలు దొరికిందని మురిసిపోయాను.

మొన్న శనివారం తమ దేశపు కాఫీ తాగిస్తానని కారులో తీసుకెళ్ళింది. ఇథియోపియా వాళ్ళ కాఫీ కొట్టు. ఈ చుట్టుపక్కల వాళ్ళు చాలామంది ఉన్నారు. మేం తలుపు తోసుకుని లోపలికి వెళ్ళామో లేదో, కూర్చున్న వాళ్ళందరూ లేచి నిలబడ్డారు. చంటిపిల్లని ఎత్తుకున్న తల్లి కూడా లేచింది. కొట్టు యజమాని, నాకంటే పెద్దవాడు, బయటికొచ్చి వాళ్ళ పద్ధతిలో ఆవిడ భుజానికి భుజం ఆనించి పలకరించి కళ్ళు తుడుచుకున్నాడు. ఏ మంత్రిగారి భార్యో అనుకున్నాను. అప్పుడు గోడ మీద ఫొటో కనబడింది. వానలో తడిసి ముద్దైన ఒక అమ్మాయి భుజాల మీద జెండా కప్పుకుని నిలబడి ఉంది. అదే ముక్కు, అదే నుదురు.

ఇంటికొచ్చి పేరు చెబితే అలేఖ్య ఫోన్‌లో వెతికి నోరు తెరిచింది.

"అమ్మా, జెనెబెచ్ తోలా అంటే టెన్ థౌజండ్ మీటర్స్‌లో వరల్డ్ ఛాంపియన్. నువ్వు ఆవిడకి వాకింగ్ టిప్స్ ఇచ్చావా?"

హనుమంతుడి ముందు కుప్పిగంతులు అంటారే, అది వేసి వచ్చాను. కడుపారా నవ్వుకుని, తర్వాత జవాబు రాయి. నడుస్తున్నావా లేదా?

మీ వదిన
మీనాక్షి


ఇర్వింగ్, టెక్సాస్
ఏప్రిల్ మొదటి వారం

పూజ్యులైన వదినగారికి,

పాదాభివందనాలు. వంగే పని లేకుండా కాగితం మీదే పెట్టేస్తున్నాను, స్వీకరించండి.

మీ ఉత్తరం చదివి నేను నవ్విన నవ్వుకి మీ తమ్ముడు ఏమైందోనని వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చారు. చదివి వినిపించాను. "మా అక్క సూర్యుడికైనా ఏ దిక్కున పొడవాలో చెబుతుంది" అన్నారు. ఈ మాట నేను అన్నది కాదు, మీ రక్తమే అంది.

నా సంగతి అడిగారు. ఏ లోటూ లేదు. రోజూ పొద్దున్నే మా అపార్ట్‌మెంట్ల వెనక ఉన్న కొలను చుట్టూ నడుస్తున్నాను. అక్కడి బాతులు నన్ను గుర్తుపడుతున్నాయి. దారి పక్కన నీలం పూలు విరగబూశాయి, ఈ నెలలో టెక్సాస్ అంతా ఇంతేనట. మోకాలు చక్కగా వంగుతోంది. ఫిజియోథెరపీ అమ్మాయి నన్ను చూపించి మిగతా వాళ్ళకి బుద్ధి చెబుతోంది. కాబట్టి నా మోకాలి ఊసు పక్కన పెట్టి ఆ పరుగులరాణి సంగతి రాయండి.

ఆవిడ ఎక్కడ పుట్టింది? పరుగు ఎవరు నేర్పారు? టీవీల్లో చెప్పినట్టు చిన్నప్పుడు వట్టికాళ్ళతో కొండలెక్కి బడికి పరిగెత్తిందా? అంత గెలిచిన మనిషి మీ దారిలో తల వంచుకుని ఎందుకు నడుస్తోంది? పరిగెత్తక నడవడమేమిటి అసలు? అన్నీ అడిగి రాయండి. ఇక్కడ మధ్యాహ్నాలు ఎంతకీ తెమలడం లేదు వదినా. కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని మీ ఉత్తరం ఇప్పటికి మూడుసార్లు చదివాను.

మీ మరదలు
జయంతి


ఆష్‌బర్న్
ఏప్రిల్ మధ్యలో

జయంతీ,

నీకూ నీ బాతులకీ ఆశీస్సులు.

అడగమన్నవన్నీ అడిగాను. మొన్న ఆదివారం వాళ్ళింటికి పిలిచింది. కాఫీ గింజలు మన కళ్ళ ముందే పెనం మీద వేయించి, పక్కన సాంబ్రాణి పొగ వేసి, మట్టి కూజాలో కాచి పోస్తారు. ఒక్క కప్పు తాగి లేవబోతే చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. మూడుసార్లు తాగాల్సిందేనట, మూడోది ఆశీర్వాదమట. మొదటి కప్పుకే లేచిపోతే కోపం వచ్చి వెళ్ళినట్టు లెక్క. మనమేమో ఎక్కువసేపు కూర్చుంటే వాళ్ళకి ఇబ్బంది అని లేస్తాం. సరే, ఆ మూడు కప్పులు అయ్యేలోగా ఆమె కథ విన్నాను.

జెనెబెచ్ అంటే వాళ్ళ భాషలో వాన కురిసింది అని అర్థం. పుట్టినరోజున వాన పడిందట. వాళ్ళకి మనలాగా ఇంటిపేర్లు లేవు, తండ్రి పేరే రెండో పేరు. మేఘాలు కిందికి దిగివచ్చే ఎత్తైన నేల మీద బార్లీ పండించే ఇల్లు. వట్టికాళ్ళతో బడికి పరిగెత్తావా అని నీ ప్రశ్న అడిగితే పకపకా నవ్వింది. ప్రతి విలేకరీ అదే అడుగుతాడట. బడి వాళ్ళింటి పక్కనేనట, గంట కొట్టాక నిద్ర లేచేదట.

పరుగు వాళ్ళ అక్క అస్తేర్‌ది. ఈమె అక్క స్వెట్టర్ మోయడానికి వెంట వెళ్ళేది. ఒకరోజు కోచ్ చూసి, ఊరికే కూర్చోవడమెందుకు, వరస చివర నిలబడు అన్నాడు. జయంతీ, వాళ్ళ దగ్గర ఎవరూ ఒంటరిగా పరిగెత్తరట. ఒంటరిగా పరిగెత్తేవాణ్ణి, పొట్ట తగ్గించుకోవడానికి పరిగెత్తుతున్నాడని ఎగతాళి చేస్తారట. ఒకరి వెనక ఒకరు వరస కడతారు. ముందున్న మనిషి మడమలు చూస్తూ అదే అడుగు వేయాలి. ఎదురుగాలీ, రాళ్ళూ, గుంతలూ అన్నీ ముందున్న మనిషే చూసుకోవాలి. ముందు పరిగెత్తడమంటే తన బలంలో కొంత తీసి వెనకవాళ్ళకి పెట్టడమట. అందుకే వంతులు వేసుకుంటారు. చెల్లెలి వంతు కూడా అస్తేరే తీసుకునేదట. ఇంకొకటి, ముందున్నవాళ్ళు వెనక్కి తిరిగి చూడకూడదు. చూస్తే వెనకవాళ్ళని నమ్మనట్టు.

ఆవిడ నా వెనక ఎందుకు నడిచిందో ఇప్పుడు అర్థమైందా? నేను ముందు పోతున్నాను కాబట్టి. అంత గెలిచిన మనిషి, కొత్తగా బూట్లు వేసుకున్న ఒక తెనాలి టీచరు వెనక మారు మాట్లాడకుండా నడిచింది. తలుచుకుంటే సిగ్గూ వేస్తోంది, గర్వంగానూ ఉంది.

ఆ ప్రపంచ పోటీల పరుగు అలేఖ్య టీవీలో పెట్టింది. ఇరవై అయిదు చుట్లు. నవగ్రహాలకి తొమ్మిది చుట్లు తిరిగేసరికే నాకు కళ్ళు తిరుగుతాయి. జోరున వాన. అక్కా చెల్లెళ్ళిద్దరూ ఒకే పందెంలో ఉన్నారు. మొదటినుంచీ అస్తేర్ ముందు, జల్లంతా ఆమె ముఖం మీదే. వెనక జెనెబెచ్, అక్క మడమల మీంచి చూపు ఎత్తకుండా. పక్కవాళ్ళు ముందుకొచ్చి కవ్వించినా ఆ చూపు కదల్లేదు. చివరి చుట్టుకి గంట కొట్టారు. అప్పుడు అస్తేర్ ఒక్క అడుగు పక్కకి జరిగింది, మనం ఎవరికైనా తలుపు తీసి తప్పుకున్నట్టు. ఆ సందులోంచి ఈ పిల్ల దూసుకుపోయింది. నాకు ఆటలేమీ తెలియవు, అయినా సోఫాలోంచి లేచి నిలబడ్డాను. అన్ని చుట్లు పరిగెత్తిన మనిషి అప్పుడే బయల్దేరినట్టు పరిగెత్తడం ఎలా సాధ్యం? ఒళ్ళు జలదరించింది. తెలియకుండానే చేతులు జోడించాను.

గెలిచాక కెమెరా అంతా ఆమె మీదే. నేను మళ్ళీ పెట్టించుకుని మూలల్లోకి చూశాను. చాలా వెనక, ఎనిమిదో తొమ్మిదో మనిషిగా అస్తేర్ వస్తోంది. కాళ్ళు ఈడ్చుకుంటూ వస్తోంది. రెండు చేతులు మాత్రం పైకెత్తి ఉన్నాయి, గెలిచింది తనే అన్నట్టు.

ఆ బంగారు పతకం ఏదమ్మా అని అడిగాను. అస్తేర్ ఇంట్లో ఉందట, అది ఆమెదేనట. ఇప్పుడెందుకు పరిగెత్తడం లేదని మాత్రం అడిగినప్పుడు మూడో కప్పు పోసి ఊరుకుంది. నేనూ రెట్టించలేదు.

నీ నడక గురించి వివరంగా రాయి.

మీనాక్షి


ఇర్వింగ్
ఏప్రిల్ నెలాఖరు

వదినగారికి నమస్కారాలు.

ఉత్తరం అందింది. మీ ఛాంపియన్ కథ సినిమాలా ఉంది. అదృష్టవంతురాలు, మంచి అక్క దొరికింది.

ఇక్కడ అందరం క్షేమం. ఎండలు ముదిరాయి. నడక బాగానే సాగుతోంది. బాతులు గుడ్లు పొదిగి పిల్లల్ని చేశాయి. చేతికి పని తగిలి ఎక్కువ రాయలేకపోతున్నాను.

జయంతి


ఆష్‌బర్న్
మే మొదటి వారం

జయంతీ,

బాతులు ఎలా ఉన్నాయి? ఎన్ని పిల్లలు? నిన్ను చూసి ఎన్నాళ్ళయిందో కాస్త వాటినే అడుగు.

నిన్న తేజేశ్వర్ అలేఖ్యకి అంతా చెప్పాడు. ఆపరేషన్ అయిన రెండో వారం నుంచి నువ్వు కుర్చీ దిగడం లేదని, ఫిజియోథెరపీ అమ్మాయి వస్తే తలనొప్పి అని పంపించేస్తున్నావని, మోకాలు బిగుసుకుపోతోందని. జూన్ రెండో వారంలోగా అది వంగకపోతే మత్తిచ్చి బలవంతంగా వంచుతారట. అప్పటికీ మునుపటి నడక వస్తుందని మాట ఇవ్వలేమన్నారట. ఇంత జరుగుతుంటే నాకు నీలం పూల గురించి రాస్తావా? ఆడబిడ్డ అర్ధమొగుడని ఊరికే అనలేదు. ఆ హక్కుతోనే కోప్పడుతున్నాను.

ఇది కూడా విను. ఆ గెలుపు తర్వాత జెనెబెచ్ మారథాన్‌లకి మారింది. వరసగా గెలిచింది. ఇక తనకి తిరుగులేదనుకున్న రోజుల్లో ఒక పొద్దున పరిగెత్తుతుంటే మడమ పైన నరం తెగింది. ఎండుకర్ర విరిగినట్టు చప్పుడైందట. ఆపరేషన్ చేసిన డాక్టరు, ఇంటి పనులకి ఢోకా లేదు అన్నాడట. లోకమంతా జేజేలు కొట్టిన కాళ్ళకి ఆ మాట చెబితే ఎలా ఉంటుందో ఆలోచించు. ఆమె గదిలో గోడవైపు తిరిగి పడుకుంది.

అప్పటికి అస్తేర్ పరుగు మానేసి పిల్లల్ని పెంచుకుంటోంది. ఊరి నుంచి బస్సెక్కి, చెల్లెలుండే రాజధాని అడిస్ అబాబాకి వచ్చింది. ఓదార్చలేదు, బతిమాలలేదు. చెల్లెల్ని ఆ నగరం పైన కొండ మీది నీలగిరి తోపులోకి తీసుకెళ్ళి, తను ముందు నిలబడింది. నడిచింది, అంతే. ఒక వానాకాలమంతా ఆ చెట్ల మధ్య ఒకరి వెనక ఒకరు నడిచారు. నడక పరుగు కావడానికి ఇంకో ఏడాది పట్టింది. ముప్పై ఏడేళ్ళ వయసులో, అందరూ మరిచిపోయాక, ఈ అమెరికాలోనే ఒక పెద్ద మారథాన్ గెలిచింది. ఆ వీడియో కూడా చూశాను. రోడ్డు పక్కన నిలబడ్డవాళ్ళు, ఆమె పేరు కూడా సరిగ్గా పలకలేనివాళ్ళు, ఏడుస్తున్నారు. నేనూ ఏడ్చాను.

ఆవిడ లేచింది. నువ్వు లేవలేవా? రేపే లే. ఈ ఉత్తరం చదివిన వెంటనే లే.

మీనాక్షి


ఇర్వింగ్
మే మధ్యలో

వదినా,

మీ ఉత్తరం చదివి చించేద్దామనుకున్నాను. చేతికర్ర అందక చెత్తబుట్ట దాకా వెళ్ళలేకపోయాను, అందుకే బతికిపోయింది.

ఆవిడవి ఛాంపియన్ కాళ్ళు. నావి అరవై ఆరేళ్ళ కాళ్ళు. లే, లే అని ఇంట్లో అందరూ అంటున్నారు, ఇప్పుడు పోస్టులో కూడా అదే వస్తోంది. లేవాలని నాకు ఉండదా? నేను ఎలా నడిచేదాన్నో మీకు తెలియదా? బజారుకెళ్ళినా, గుడికెళ్ళినా, ఇక్కడ షాపింగుకెళ్ళినా నేనే ముందు. సంచులు మోస్తూ మీ తమ్ముడు వెనక. "కొంచెం ఆగవే" అని ఆయన అరవని రోజు లేదు.

ఎవరికీ చెప్పనిది రాస్తున్నాను. తేజేశ్వర్‌కి కూడా ఇది తెలియదు. రెండో వారంలో నేను పడిపోయాను. బాత్‌రూమ్ గుమ్మం దగ్గర. దెబ్బ తగల్లేదు. కానీ మీ తమ్ముడు నన్ను లేపబోయి లేపలేకపోయారు. ఆయన కూడా పక్కనే కూలబడ్డారు. ఇద్దరం నేల మీద కూర్చుని ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. అంతకుముందు ఆయనలో ముసలితనం నేనెప్పుడూ చూడలేదు వదినా. ఎలాగో గోడ పట్టుకుని లేచాం. కొడుకుతో చెప్పవద్దని ఒట్టు వేయించుకున్నాను.

ఆ రోజు నుంచి నేను లేస్తే చాలు, ఆయన రెండు చేతులూ చాచి నా వెనక వస్తారు. పడితే పట్టుకోవాలని. పాపం, ప్రేమే. కానీ ఆ చేతులు వెనక ఉన్నాయంటే నేను పడబోతున్నానని అర్థం. రెండడుగులు వేసేసరికి ఇక ఇదే ఆలోచన. నేను పడతాను, ఆయన మీద పడతాను, ఇద్దరం మళ్ళీ ఆ నేల మీదే ఉంటాం. అందుకని కుర్చీలో కూర్చున్నాను. నేను కూర్చుంటే ఆయన కూడా ప్రశాంతంగా కూర్చుంటున్నారు.

మీ జెనెబెచ్‌కి ముందు నడిచే మనిషి ఉంది. నాకు అందరూ వెనకే ఉన్నారు. ఈ తేడా మీ ఛాంపియన్‌కి చెప్పి చూడండి.

జయంతి


ఆష్‌బర్న్
మే నెలాఖరు

జయంతీ, నా తల్లీ,

ఆ ఉత్తరం చదివి పొద్దంతా పొయ్యి వెలిగించలేదు. అర్ధమొగుడి కోపం వెనక్కి తీసుకుంటున్నాను. పడిపోయిన సంగతి నా దగ్గరే ఉంటుంది, అలేఖ్యకి కూడా చెప్పను.

ఒక్క మనిషికి మాత్రం చెప్పాను, నువ్వే చెప్పమన్నావు కనుక. నడకదారి పక్కన బెంచీ మీద కూర్చుని, నీ చివరి మాటలు నా వచ్చీరాని ఇంగ్లీషులో జెనెబెచ్‌కి వినిపించాను. అప్పుడు, పరుగెందుకు మానేసిందని నేను అడిగి ఊరుకున్న ప్రశ్నకి తనే జవాబు చెప్పింది. అస్తేర్ లేదు. మూడేళ్ళ కిందట జబ్బు చేసి పోయింది. ఆ కబురు తెలిసిన మర్నాడు ఈమె బూట్లు కట్టుకుని దారి మీదికి వచ్చిందట. ముందు ఎవరూ లేరు. అడుగు పడలేదు. ఆనాటి నుంచి పరుగు లేదు. లోకానికి చెప్పనూ లేదు, గాయమని అందరూ అనుకుంటున్నారు. మన తెలుగువాళ్ళ వెనక నడవడమే ఈ మూడేళ్ళలో ఆమె చేసిన ప్రయాణం.

తర్వాత నన్నొక మాట అడిగింది, "మీ మరదలి కుడి మోకాలా, ఎడమ మోకాలా?" అని. కుడిదన్నాను. తన మడమ కూడా కుడిదే అంది.

డాలస్‌లో ఉండే వాళ్ళ దేశపువాళ్ళు జూన్ మొదటి వారంలో పిల్లలకి పరుగుపందెం పెట్టి, జెండా ఊపడానికి రమ్మని ఈమెని ఎన్నాళ్ళుగానో పిలుస్తున్నారట. రానని చెప్పిందట ఇంతకాలం. ఇప్పుడు వస్తానంది. మీ ఇంటి అడ్రసు రాయించుకుంది. వచ్చి ఏం చేస్తుందో నాకు చెప్పలేదు. తలుపు తీసి ఉంచు.

మీనాక్షి


ఇర్వింగ్
జూన్ రెండో వారం

వదినా,

ఆవిడ వచ్చింది. పందెం శనివారమైతే బుధవారమే వచ్చింది. మీ తమ్ముడు తెల్లవారకముందే ఇస్త్రీ చొక్కా వేసుకుని సిద్ధమయ్యారు. ఫిల్టర్ కాఫీ కలిపి ఇచ్చారు. తాగి ఖాళీ గ్లాసు మళ్ళీ ఆయన చేతికిచ్చింది. రెండోసారి తాగి మళ్ళీ ఇచ్చింది. మూడోసారికి డికాక్షన్ అయిపోయి ఆయన వంటింట్లో కంగారుపడుతుంటే, మీ ఉత్తరం గుర్తొచ్చి నేను నెలల తర్వాత గట్టిగా నవ్వాను.

గొప్పవాళ్ళు వస్తే ఉపన్యాసం ఇస్తారనుకున్నాను. ఏమీ చెప్పలేదు. నేల మీద కూర్చుని నా మోకాలి మీది మచ్చ చూసింది. పాంటు పైకి లాగి తన మడమ పైన మచ్చ చూపించింది. లేచి మా అపార్ట్‌మెంటు వరండాలోకి వెళ్ళింది. మీరు చూశారుగా, రెండువైపులా తలుపులతో, చివర కిటికీ ఉంటుంది. నాకు వీపు పెట్టి నిలబడింది. నేను చేతికర్ర పట్టుకుని లేచాను. మీ తమ్ముడు అలవాటు ప్రకారం చేతులు చాచుకుని నా వెనక చేరారు. ఆవిడ వెనక్కి వచ్చి, ఆయన రెండు చేతులూ పట్టుకుని మెల్లగా కిందికి దించింది. ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి మళ్ళీ వెళ్ళి నా ముందు నిలబడింది.

"నేను పడితే?" అని అడిగాను.

"పడితే చప్పుడు వినబడుతుంది, అప్పుడు ఆగుతాను. అప్పటిదాకా తిరిగి చూడను," అంది.

నడవడం మొదలుపెట్టింది. ఆ మచ్చ ఉన్న మడమ లేచింది, నా కుడికాలు లేపాను. ఆ మడమ ఆనింది, నేనూ ఆనించాను. నొప్పికి కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి, అయినా ఆ మడమ తప్ప ఇంకేమీ చూడలేదు. పడతానేమో అనుకోవడానికి తీరిక లేకపోయింది. నేను నెమ్మదిస్తే ఆవిడా నెమ్మదించింది. వీపు వెనక జరిగేది ఎలా తెలిసిందో తర్వాత అర్థమైంది, నా కర్ర చప్పుడు వింటోంది. వదినా, ఆవిడ పరుగు చూసి లేచి నిలబడ్డానని మీరు రాశారు. నేను ఇంకా ఆ వీడియో చూడలేదు. లోకంలో ఎవరికీ అందని ఆ కాళ్ళు నా ముందు చీమ నడక నడిచాయి. ఒక్కసారి కూడా తొందరపడలేదు. అంత వేగం తెలిసిన మనిషి అంత నెమ్మదిగా నడవగలగడం చూసి నాకు చేతులు జోడించాలనిపించింది. కర్ర వదలలేక ఊరుకున్నాను.

కిటికీ చేరాక కూడా ఆవిడ ఇటు తిరగలేదు. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందని అర్థమై దగ్గరికి వెళ్ళి వీపు మీద చెయ్యి వేశాను. జీవితమంతా తను వెనకే ఉండి చివరి చుట్టులో ముందుకొచ్చి గెలిచిందట. ఇంకొకరి కోసం ముందు నడవడం ఇదే మొదటిసారట.

"ముందు ఇలా ఉంటుందని అస్తేర్ ఎప్పుడూ చెప్పలేదు," అంది.

ఎలా ఉందని అడిగాను.

"వెనకనుంచి అడుగు వినబడుతుంటే అలుపు తెలియడం లేదు," అంది.

శుక్రవారం దాకా రోజూ వచ్చింది. వెళ్ళేముందు మీ తమ్ముణ్ణి పక్కకి పిలిచి ఏదో చెప్పింది. శనివారం పందెం చూసివచ్చి తేజేశ్వర్ చెప్పాడు. జెండా ఊపాల్సిన మనిషి జెండాని ఎవరి చేతిలోనో పెట్టి, పిల్లల ముందుకొచ్చి నిలబడి, తనే పరిగెత్తిందట. వెనక ఆ పిల్లల వరస. చూడ్డానికి వచ్చిన వాళ్ళంతా లేచి నిలబడ్డారట.

నిన్న డాక్టరు మోకాలు వంచి చూసి, మత్తు అవసరం లేదన్నాడు. ఇంకా దారి ఉంది కానీ వంగుతోంది.

ఈ కింది ముక్కలు మా పోస్టు డబ్బాల దగ్గర నిలబడి రాస్తున్నాను, అందుకే అక్షరాలు వంకర. కవరు ఇంకా అంటించలేదు. ఇంటి నుంచి ఇక్కడికి కొలను పక్కగా రావాలి. బాతులు నిజంగానే ఉన్నాయి వదినా, నన్ను చూసి దూరం జరిగాయి. మీ తమ్ముడు ముందు నడిచారు. దారిలో రెండుసార్లు ఆగాను. ఆయనా ఆగారు, తల మాత్రం తిప్పలేదు. ఆవిడ చెప్పింది అదేనట. ఇప్పుడు కూడా నేను రాయడం అయ్యేదాకా నాకు వీపు పెట్టి, ఆ చేతులు రెండూ జేబుల్లో పెట్టుకుని నిలబడి ఉన్నారు. ఆయన మడమలు బాగా పగిలి ఉన్నాయి. నలభై ఏళ్ళ కాపురంలో నేను ఎప్పుడూ ముందే ఉన్నాను కదా, ఇప్పుడే చూశాను.

మీ మరదలు
జయంతి